చాచా భట్టీ, అమ్మ బర్రెపాలు

మా ఊరు రెంజల్‌లో పిల్లలకు పిజ్జా కావాలంటే బోధన్ దాకా పోవాల్సిందే. అక్కడి బజారు సందులో ఒక బేకరీ ఉంది. బోర్డు మీద ఏదో పేరుంటుంది గానీ అందరూ చాచా బేకరీ అనే అంటారు. ముందు గదిలో అద్దాల బీరువాలు, వాటిలో దిల్‌పసంద్, ఖారీ, ఫైన్ బిస్కెట్లు, ఎగ్ పఫ్‌లు. వెనక గదిలో ఇటుకల భట్టీ. పక్కనే కరెంటు ఓవెన్ కూడా కొన్నారు గానీ, పిజ్జాను మాత్రం చాచా కొడుకు భట్టీలోనే కాలుస్తాడు. ఎందుకని అడిగితే, ‘‘కరెంటు పోతది సార్, భట్టీ యాడికి పోతది?’’ అన్నాడు.

ఆ భట్టీతో మా ఇంటికి పాత పరిచయం. రంజాన్ దగ్గర పడిందంటే వాడకట్టులో సాయిబుల ఇళ్ల నుంచి మైదా, చక్కెర, డాల్డా బేకరీకి చేరేవి. కలిపించి, ఒత్తించి, కాల్పించి డబ్బాల నిండా బిస్కెట్లు తెచ్చుకునేవాళ్లు. వాళ్లను చూసి అమ్మ కూడా దసరాకు అదే పని పెట్టుకుంది. నలుగురి రేకులు ఒకేసారి భట్టీలోకి పోతాయి కాబట్టి ఎవరివి ఎవరివో తెలియవు. అందుకని అమ్మ ప్రతి బిస్కెట్ మీద తన గాజు అంచుతో వంపుగా ఒక గీత నొక్కేది. కాలి బయటికొచ్చాక ఆ గీత కొంచెం విప్పారి, నెలవంక లెక్క కనిపించేది. అది చూసి చాచా, ‘‘ఇవి ఈద్ బిస్కెట్లా, దసరా బిస్కెట్లా అమ్మా?’’ అని నవ్వేవాడు.

అప్పుడు బోధన్ అంటే షక్కర్‌నగర్, షక్కర్‌నగర్ అంటే ఫ్యాక్టరీ. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. గానుగ ఆడే కాలంలో ఊళ్లోకి రాకముందే మడ్డి వాసన తగిలేది. బాపు చెరుకు బండితో వరుసలో నిలబడితే మా వంతు వచ్చేసరికి ఏ రాత్రో అయ్యేది. నన్ను బండి మీది నుంచి దింపి హోటల్‌కు తోలుకపోయేవాడు. మలాయి వేసిన చాయ్, అందులో ముంచుకోను బన్ను. ఆ బన్ను చాచా భట్టీలోదే. బండ్లు తోలేవాళ్లు, కూలీలు, షిఫ్టు దిగినవాళ్లు అందరూ ఒకే బల్ల మీద. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఆ బల్ల మీదే నేర్చుకున్నానంటే పెద్ద అబద్ధం కాదు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పొలాలు వరికి, సోయాకు, పసుపుకు మళ్లాయి. దాని గురించి చాలామంది రాశారు, నేను ఎక్కువ రాయను. బేకరీ మీద పడ్డ దెబ్బ మాత్రం కళ్లారా చూశాను. రాత్రి హోటళ్లు ఒక్కొక్కటే మూసేసుకుంటే బన్నులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. చాచా కొడుకు హైదరాబాద్ పోయి ఒక పిజ్జా దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ ఆ విద్య తెచ్చాడు.

మొదట్లో అతని పిజ్జా అడుగు మాడేది, పైన తెల్లగా ఉండేది. కారణం అతనే చెప్పాడు. బిస్కెట్లకు, బన్నులకు భట్టీని ముందే కాల్చి, నిప్పులు బయటికి లాగేసి, ఇటుకల్లో మిగిలిన వేడితో పని కానిస్తారు. ఆ వేడి పిజ్జా అడుగుకే ఎక్కువ తగులుతుంది. పిజ్జాకు పైనుంచి మంట సెగ కూడా తగలాలి. ఇటలీలో నేపుల్స్ వాళ్ల కట్టెల పొయ్యిలో వేడి నాలుగు వందల డిగ్రీల పైనే ఉంటుంది, పిజ్జా నిమిషం, నిమిషన్నరలో అయిపోతుంది. ఇప్పుడు ఇతను మధ్యాహ్నం బన్నులు దించాక భట్టీలో ఒక పక్కకు నాలుగు కట్టెలు పేర్చి మళ్లీ మంట పెడతాడు. మంట కప్పు దాకా లేచి వంగుతుంది. పిజ్జాను పొడుగాటి చెక్క పారతో లోపలికి తోసి, సగం కాలాక ఒక్క తిప్పు తిప్పుతాడు. అంచులు ఉబ్బి అక్కడక్కడ నల్ల మచ్చలు పడతాయి. పైన వేసే ముద్ద కూడా సీసాలోని కెచప్ కాదు, టమాటలు, ఎల్లిపాయ, ఎండుమిర్చి ఉడికించింది. ఉల్లిగడ్డ, క్యాప్సికం, మక్క గింజలు. 1996లో డామినోస్, పిజ్జా హట్ మన దేశంలో అడుగుపెట్టినప్పుడు అది పట్నం పెద్దోళ్ల తిండి. ఇక్కడ మాత్రం ట్రాక్టర్ దిగి వచ్చినాయన చేతులు కడుక్కుని తింటాడు.

అంతా బాగుంది, చీజ్ తప్ప. అది ప్యాకెట్లో వస్తుంది. వేడి మీద సాగుతుంది, చల్లారితే రబ్బరు. దీని మర్మం నాకు బోధన్‌లో తెలియలేదు, న్యూజెర్సీలో తెలిసింది.

చెల్లె కాన్పుకు అమ్మను తోలుకుని నేనూ అక్కడికి పోయాను. వాళ్లుండేది ఎడిసన్ దగ్గర. ఓక్ ట్రీ రోడ్డు మీదికి పోతే చీరలు, నగలు, మిఠాయిలు అన్నీ మనవే. అక్కడ అమ్మకు కొత్తగా అనిపించిందేమీ లేదు. ఆమెకు నచ్చింది ఇంటి దగ్గరి ఇటలీ వాళ్ల దుకాణం. సగం పిజ్జా హోటల్, సగం కిరాణం లాంటిది. లోపలికి పోగానే గోడకున్న యంత్రం నుంచి నంబరు చీటీ లాక్కోవాలి. అద్దాల వెనక ఉప్పు నీళ్లలో ఆలివ్ కాయలు, కప్పు నుంచి తాళ్లకు వేలాడే ప్రొవలోనే చీజ్ ముద్దలు, తిరిగే కత్తి మీద పల్చగా కోసే సలామీ మాంసం. అమ్మ శాకాహారి. ఏమీ దొరకదేమో అనుకుంటుంటే బావ ఒక పెద్ద రొట్టె తెచ్చి ముందర పెట్టాడు. మధ్యలో వేయించిన వంకాయ ముక్కలు, టమాట గుజ్జు, చీజ్.

‘‘గిది మన వంకాయనే గదరా! గీళ్లకు గూడ ఎరుకేనా?’’ అని అమ్మ ఆశ్చర్యపోయి, పక్కనున్న మిరప తునకలు చల్లుకుని మొత్తం తిన్నది.

ఇంకోసారి పోయినప్పుడు ఆ దుకాణం పెద్దాయన నీళ్ల గిన్నెలోంచి తెల్లని ముద్ద ఒకటి తీసి, కోసి, కాగితం మీద అమ్మకు రుచికిచ్చాడు. కోసిన చోట పాలు ఊరాయి. అమ్మ నోట్లో వేసుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బావను, ‘‘పాలు బర్రెవేనా అడుగు బాబూ’’ అంది. ఆయన గట్టిగా నవ్వాడు. ఇది ఆవు పాలతోనే చేశామని, అసలైన మొజరెల్లా మాత్రం నేపుల్స్ చుట్టుపక్కల కంపానియాలో బర్రెపాలతో చేస్తారని చెప్పాడు. అక్కడి బర్రెపాల మొజరెల్లాకు 1996 నుంచి యూరప్‌లో ప్రాంతపు హక్కు ఉంది. ఆ ప్రాంతం పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదు.

‘‘ఇటలీల బర్రెలున్నయట!’’ అని అమ్మ ఇంటికొచ్చాక కూడా ఫోన్లో రెంజల్ అంతా చెప్పింది.

ఇటలీ వాళ్లు అమెరికాకు పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. న్యూయార్క్‌లో 1905లో లొంబార్డీస్ పిజ్జా అమ్మడం మొదలుపెట్టింది కూడా ఒక ఇటలీ కిరాణా కొట్టుగానేనట. నిజాంసాగర్ కాలువ కింద సాగుకు కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు మా వైపు క్యాంపులు కట్టుకున్నట్టే, వాళ్లూ వాడలు కట్టుకున్నారు, వాడకొక భట్టీ వెలిగించారు. బర్రెలను మాత్రం ఓడ ఎక్కించలేకపోయారు, ఆవు పాలతో సర్దుకున్నారు. మరి బర్రెలున్న మనం ప్యాకెట్‌తో ఎందుకు సర్దుకుంటున్నట్టు?

తిరిగొచ్చాక ఈ సంగతి చాచా కొడుకుతో మాట్లాడాను. మా పక్కనున్న సాటాపూర్ సంతలో బర్రెలు చేతులు మారుతూనే ఉన్నాయి, పొద్దున్నే పాలకేంద్రం దగ్గర క్యాన్లు వరుసలో ఉంటాయి. బర్రెపాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, ఆవు పాలలో నాలుగు దాకా. అందుకే నాలుగైదు లీటర్ల బర్రెపాలకు కిలో మొజరెల్లా పడుతుంది, ఆవు పాలైతే దాదాపు రెట్టింపు కావాలి. పని కూడా బ్రహ్మవిద్య కాదు. గోరువెచ్చని పాలకు చీజ్ తోడు, పాలను గడ్డకట్టించే రెన్నెట్ కలపాలి. శాకాహారులకు పనికొచ్చే రెన్నెట్ కూడా దొరుకుతుంది. గడ్డకట్టినదాన్ని కోసి, తగినంత పులిసే దాకా ఆగి, కాగే నీళ్లలో వేసి సాగదీయాలి. ఎక్కువ పులిస్తే విరిగిపోతుంది, పులియకపోతే సాగదు. కష్టమంతా ఆ అదును పట్టడంలోనే.

మనతో కాదనుకోవడానికి లేదు. బర్రెపాలతో పాలపొడి చేయడం కుదరదని ప్రపంచం అంటున్నప్పుడు గుజరాత్‌లోని ఆనంద్‌లో హరిచంద్ దలాయా అనే ఆయన చేసి చూపించాడు. 1955లో అక్కడ పాలపొడి ఫ్యాక్టరీ లేచింది. ఇప్పుడు చాచా కొడుకు వాడే ప్యాకెట్ చీజ్ కూడా గుజరాత్ నుంచే వస్తోంది. ఇందులో గుజరాత్ వాళ్ల తప్పేం లేదు, వాళ్లు చేశారు, మనం కొంటున్నాం.

రెంజల్ మండలంలో డిగ్రీలు చదివి గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఎందరో. వాళ్లలో ఒక్కరైనా పోయి ఏ డైరీ కాలేజీలోనైనా ఈ చీజ్ పని నేర్చుకుని రావాలి. పాలు ఉన్నాయి, భట్టీ రోజూ వెలుగుతూనే ఉంది. రోజుకు రెండు కిలోలు తానే కొంటానని చాచా కొడుకు నాతో మాటిచ్చాడు. శనివారం ఇచ్చి ఆదివారం ఎగ్గొడితే మాత్రం బేరం లేదన్నాడు, పిజ్జాలు ఎక్కువ పోయేది ఆదివారమేనట.