వాడ గోడలు – 9: మట్టిగోడకు చెప్పులు కావాలి



ఈ మధ్య మట్టి ఇళ్లకు గౌరవం పెరిగింది. ఆదివారం అనుబంధాల్లో, సెమినార్లలో ఎర్రమట్టి గోడల ఫొటోలు. "సుస్థిర నిర్మాణం" అంటున్నారు. సంతోషం. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని కాబట్టి నాకు ముందు మాటలే కనబడతాయి. ఫామ్‌హౌస్‌లో ఉంటే అది "ఎర్త్ హోమ్". మా మాదిగపల్లెలో ఉంటే దరఖాస్తు కాగితంలో అది "కచ్చా ఇల్లు". మట్టి అదే, గోడ అదే. పేరు మాత్రం ఎవరిల్లన్నదాన్ని బట్టి మారుతుంది.

అంటరానివాళ్లు పెంకుటిల్లు కట్టుకుంటే నేరంగా చూసిన ఊళ్ల గురించి బాబాసాహెబ్ రాశారు. తాటాకు కింద బతకమని శాసించిన సమాజం ఇది. అందుకే మా అమ్మ "మనకీ స్లాబు పడిందే" అన్నప్పుడు ఆ గొంతులో ఆత్మగౌరవం వినబడింది. పర్యావరణం పేరు చెప్పి ఆ సంతోషాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అలాగని సిమెంటు గురించి నిజం దాచలేం. సున్నపురాయిని బట్టీలో సుమారు 1450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది. బొగ్గు కాలి వచ్చే పొగ ఒక ఎత్తు. ఆ రాయే విడిపోయి వదిలే కార్బన్ డయాక్సైడ్ మరో ఎత్తు. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం దాకా సిమెంటుదే. ఆ వేడి ముందు తగిలేది ఏసీ లేని ఇళ్లకే.

మరి మట్టికే తిరిగిపోదామా? ముందు ఆ గోడ ఎలా నిలబడుతుందో, ఎలా పడిపోతుందో చూద్దాం.

మా నాయనమ్మ వాళ్లు మట్టి తవ్వి, వరిగడ్డి ముక్కలు కలిపి, నానబెట్టి, కాళ్లతో తొక్కేవాళ్లు. మూరెడు ఎత్తు వరస పెట్టి, అది ఆరాకే పై వరస. గడ్డి ఊరికే కలపరు. ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోయి పగలకుండా అది పట్టి ఉంచుతుంది. మందపాటి గోడ పగటి వేడిని నెమ్మదిగా లోపలికి పంపుతుంది కాబట్టి మధ్యాహ్నం చల్లగా ఉండేది. పైనుంచి పడే బరువును మట్టి మోస్తుంది. పక్కనుంచి లాగే బలాన్ని తట్టుకోలేదు. తడిస్తే అసలే సత్తువ ఉండదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. పల్లెలు పల్లంలో ఉంటాయి. నీళ్లు ముందొచ్చేది అక్కడికే.

ఇంగ్లండులోని డెవన్‌లో మట్టి ఇళ్లు కట్టేవాళ్లు ఒక మాట చెప్పుకుంటారు: గోడకు మంచి టోపీ, మంచి చెప్పులు ఉంటే చాలట. టోపీ అంటే గోడ తడవకుండా బాగా ముందుకొచ్చిన చూరు. చెప్పులంటే నేల తేమ ఎక్కకుండా రాతి పునాది, ఎత్తైన అరుగు. ఊరందరికీ చెప్పులు కుట్టింది మా తాతలు. మా గోడలకు మాత్రం చెప్పులు లేవు. రాయి కొనే డబ్బు లేదు, అరుగు ఎత్తు చేసుకునే స్వేచ్ఛా లేదు. కూలింది మట్టి బలహీనత వల్లే అనుకుంటే సగం లెక్కే చేసినట్టు.

నేల సంగతీ అంతే. మాకిచ్చిన స్థలాలు నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్లు తెరుస్తుంది. దానిమీద లోతులేని పునాది వేస్తే సిమెంటు గోడైనా బీటలు వారుతుంది. ఈ నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ కింద ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైల్ పునాదులను తీర్చిదిద్దింది. ఆ జ్ఞానం మా కాలనీ దాకా నడిచి రాలేదు.

వచ్చిన స్లాబు ఇల్లు మాత్రం ఎలా ఉంది? మా ఇంటి స్లాబు కింద పెచ్చులూడి చువ్వలు కనబడుతున్నాయి. చువ్వ మీద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి, సముద్రం దగ్గరైతే ఇంకా ఎక్కువ. లేకపోతే ఉప్పుగాలికి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. ఇంకోటి, బూడిద కలిపిన పీపీసీ సిమెంటు "పచ్చదనం" అంటున్నారు. అందులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ ఉంటుంది. క్లింకర్ తగ్గుతుంది, నిజమే. కానీ అది నెమ్మదిగా గట్టిపడుతుంది, కనీసం 10 రోజులు తడపాలి. తాగే నీళ్లకే బిందెలు మోసే కాలనీలో స్లాబును ఎవరు తడుపుతారు?

మొన్న మా వాడ నుంచే సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లాడు అడిగాడు: "మేడం, మళ్లీ మట్టి ఇల్లంటే మనోళ్లు ఒప్పుకుంటారా?" అడిగే వరస మార్చరా అన్నాను. 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, యంత్రంలో నొక్కి, కాల్చకుండా చేసే మట్టి ఇటుకలున్నాయి. బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు 1970ల నుంచి వాటిమీద పనిచేశారు. వాటికి ఐఎస్ 1725 ప్రమాణం కూడా ఉంది. బట్టీ లేని ఇటుక అంటే, అడ్వాన్సు అప్పుకు కట్టుబడి ఒడిశా బలంగీర్ నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చే దళిత, ఆదివాసీ కుటుంబాల సంగతి కూడా మాట్లాడాలి. పనితీరు మారితే వాళ్లకు చూపించే పని ఏది?

కాబట్టి మన డిమాండ్లు ఇవి. కాలనీకి మెరక స్థలం. కట్టేముందు నేల పరీక్ష. ఇల్లు పూర్తయ్యేదాకా నీళ్లు. మట్టి ఇటుకలు వాడితే రాతి పునాది, గట్టి కప్పు. ముందు ఆ ఇటుకలతో కలెక్టర్ బంగళా కట్టండి, తర్వాత మా ఇల్లు.

సివిల్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో మీ కాలనీలో పది ఇళ్లు కొలవండి. అరుగు ఎత్తు, పగుళ్లు, బయటపడ్డ చువ్వలు రాయండి. ఆ కాగితం పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకు మనందరం వెళ్దాం.

జై భీమ్.