అతికిన యెముక, వంగని చీలమండ

విఱిగిన కాలియెముక యతికినదని వైద్యుడు ఎక్స్‌రే చూచి చెప్పగానే యింటిల్లిపాదియు కుదుటపడుదురు. ఆ యూఱట న్యాయమైనదే. కాని యెముక యతుకుట వేఱు, కాలు పనిచేయుట వేఱు. ఎక్స్‌రేలో నెముక కనబడునే గాని చీలమండ యెంత వంగునో కనబడదు.

మా వదినగారికి 3 ఏండ్ల క్రిందట పెరటిమెట్టుపై కాలుజాఱి చీలమండ కిరువైపుల నెముకలు విఱిగినవి. శస్త్రచికిత్స చేసి లోహపు పలకను స్క్రూలతో బిగించిరి. ఆ పని చక్కగనే జరిగినది. అయినను ఆఱు మాసములు గడచిన పిమ్మటను ఆమె గొంతుకూర్చుండలేకపోయిరి. నడచుచుండిరి, వంట చేయుచుండిరి. చూచువారికి లోపమేమియు తోపలేదు. బంధువుల యిండ్లకు పోవుట మాత్రము మానుకొనిరి. కారణమడుగగా కొంతసేపు తలవంచుకొని, అచ్చట నేలమీది మరుగుదొడ్డి యని చెప్పిరి.

కాలియెముకలు రెంటి కొనలును చేరి యొక గాడిగా నేర్పడును. వడ్రంగి తొలిచిన గాడిలో కొయ్యముక్క యిమిడినట్లు టాలస్ అను పాదపుటెముక యందు బిగువుగా నిమిడియుండును. అది 1 మిల్లీమీటరు వెలుపలికి తొలగినను ఎముక లొండొంటితో నానుకొను వైశాల్యము సగటున 42 శాతము తగ్గునని ర్యామ్సే, హామిల్టన్ అను వైద్యులు 1976లో చూపిరి. కావుననే శస్త్రవైద్యు డంత జాగ్రత్తతో నెముకలు కూర్చును. అయినను వారములకొలది కదలికలేక యున్నచో కీలుచుట్టునున్న పొర ముడుచుకొనును, పిక్క బిగియును. సమతలమున నడచుటకు సుమారు 10 డిగ్రీల వంపు చాలును. మడమ లేవకుండ గొంతుకూర్చుండుటకు దానికి రెట్టింపును మించి కావలెను.

చీలమండ బాగుపడినది లేనిది కొలుచుటకు 1984లో స్వీడను వైద్యులు ఓలెరూడ్, మోలాండర్ 100 మార్కుల పట్టిక నొకదానిని ప్రకటించిరి. అందు నొప్పికి 25, పనిపాటలకు 20, మెట్లెక్కుటకు 10, గొంతుకూర్చుండుటకు 5. కుర్చీలపై జీవించు దేశమున కిది తగియే యున్నది. తక్కినవన్నియు బాగున్నచో గొంతుకూర్చుండలేనివారికి 95 మార్కులు వచ్చును! మన యిండ్లలో నా 5 మార్కులలోనే మరుగుదొడ్డి, వాకిట ముగ్గు, నేల తుడుచుట యన్నియు నిమిడియున్నవి.

మందు లేమియు చేయలేని పని యిక్కడ వ్యాయామము చేయును. తువ్వాలును పాదమునకు తగిలించి తనవైపు లాగుకొనవలెను. బరువు మోపుటకు వైద్యుడు సమ్మతించిన పిదప గోడకు చేతులానించి, మడమ లేవనీయక, మోకాలు ముందునకు వంచవలెను. దినమునకు అరగంట చాలును. ఆ యరగంటయే మన స్త్రీలకు దొరకదు. పెద్దలు ప్రేమతోనే “కాలు కదపకమ్మా” యందురు. ఆ నోటితోనే పాలు కాచినావా యని యడుగుదురు. పురుషునికి కాలు విఱిగినచో వ్యాయామపువేళను ఇల్లంతయు గుర్తుచేయును. శస్త్రచికిత్సకై యప్పుచేసి సొమ్ము తెచ్చిన యిల్లు అరగంట తీఱిక నీయలేకపోవుట నాకు వింతగా తోచును.

మా యింట సాయంకాలపు వంటింటిపని మా అన్నగారు తీసికొనిరి. వంపు కొంత వచ్చినది. పూర్తిగా రాలేదు, రాకపోవచ్చును కూడ. మరుగుదొడ్డి గోడకు పట్టుకొనుటకై యినుపకడ్డీ నొకదానిని బిగింపించితిమి. దానిని మొదట వలదన్న మా అమ్మగారే యిప్పుడు దినమును దానిని పట్టుకొని లేచుచున్నారు.