చిన్న కీబోర్డు - చేతి కొలత

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పని కుదరనప్పుడు పనిముట్టును నిందించడం లోకంలో ఉన్నదే. అయితే మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు కూడా కొన్ని ఉంటాయి. అరచేతిలో ఇమిడే పరికరం ముందు కూర్చొని, అద్దపు తెరను బొటనవేళ్ళతో పొడుస్తూ ప్రోగ్రాములు వ్రాయడం అటువంటి సందర్భమని నా అభిప్రాయం.

వృత్తిరీత్యా నెలలో పది పన్నెండు రోజులు నాకు పర్యటనలలోనే గడిచిపోతాయి. రాత్రి భోజనానంతరం అతిథిగృహంలో దొరికే గంట, రెండు గంటల సమయంలో చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాసుకోవడం చిరకాలపు అలవాటు. కార్యాలయపు సమాచారం జోలికి పోకుండా, కేవలం సొంత ఆసక్తి కొద్దీ వ్రాసుకునేవే అవన్నీ. లాప్‌టాప్ బరువు మోయడం ఎందుకని ఒక చిన్న టాబ్లెట్‌ను వెంట ఉంచుకుంటాను. ఆండ్రాయిడ్ పరికరంలో టెర్మక్స్ అనే అప్లికేషన్ ఉంటే పైథాన్ వంటి భాషలు అందులోనే చక్కగా నడుస్తాయి. చిక్కల్లా తెర మీద ప్రత్యక్షమయ్యే కీబోర్డుతోనే. అది తెరలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తుంది. ఒక ఫ్లవర్ బ్రాకెట్టు కావాలంటే దాని పుటలు తిరగవేస్తూ వెతకాలి.

క్రమంగా కుడి బొటనవేలి మొదట్లో నొప్పి ఆరంభమైంది. చొక్కా గుండీ పెట్టుకోవడం, స్క్రూడ్రైవరు తిప్పడం కూడా కష్టమయ్యాయి. బొటనవేళ్ళతో టైపు చేయడం తగ్గించకపోతే నొప్పి స్థిరపడిపోతుందని వైద్యుడు హెచ్చరించారు. పదవీ విరమణానంతర జీవితానికి నేను దాచుకున్న ఆస్తి ఈ వ్యాసంగమొక్కటే. దానిని వదులుకోవడమా, పదివేళ్ళకూ పని పంచగల చిన్న కీబోర్డును వెతుక్కోవడమా అన్న ప్రశ్న ఆ విధంగా ఎదురైంది.

కీబోర్డు విషయంలో 'చిన్నది' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మీటలన్నింటినీ కుదించి చిన్నది చేయడం ఒక పద్ధతి. మీటల పరిమాణాన్ని ముట్టుకోకుండా వాటి సంఖ్యను తగ్గించడం రెండవ పద్ధతి. అంగడిలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ చేతికి వాటి మధ్య హస్తిమశకాంతరం ఉంది.

సాధారణ కీబోర్డులో ఒక మీట మధ్యభాగం నుంచి పక్క మీట మధ్యభాగానికి దూరం సుమారు 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పాతిక అంగుళం. టైపు ఇన్‌స్టిట్యూటులో నెలల తరబడి సాధన చేసిన నా వంటివారి వేళ్ళకు ఈ దూరం కంఠతా వచ్చిన పద్యం వంటిది; చూడకుండానే అప్పజెప్పగలవు. దానిని 15, 16 మిల్లీమీటర్లకు కుదిస్తే రెండు చేతులూ లోపలికి ముడుచుకొంటాయి, మణికట్లు వంకర తిరుగుతాయి, ఒక మీటకు బదులు రెండు నొక్కుకుపోతాయి. బొటనవేలి నొప్పి తగ్గించబోయి మణికట్టు నొప్పి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. కనుక 19 మిల్లీమీటర్ల నియమాన్ని మొదటి షరతుగా పెట్టుకున్నాను.

ఇక తగ్గించవలసినది సంఖ్య. మామూలు పెద్ద కీబోర్డులో 104 మీటలుంటాయి. కుడివైపు అంకెల దిమ్మెను తీసివేస్తే 87 మిగులుతాయి. ఎఫ్-1 నుంచి ఎఫ్-12 వరకు ఉన్న పై వరుసను, బాణపు గుర్తులను కూడా తొలగిస్తే 61కి దిగుతుంది. తొలగించినవి పూర్తిగా పోవు. ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కితే పలుకుతాయి. ఈ పొదుపు మార్గంలో ప్రసిద్ధమైనది 1996లో జపానుకు చెందిన పీఎఫ్‌యూ సంస్థ విడుదల చేసిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు. దాని రూపకల్పనకు మూలపురుషుడు కంప్యూటర్ శాస్త్రవేత్త ఎయిటి వాడా. అందులో ఉన్నవి 60 మీటలే. ప్రోగ్రాములు వ్రాసేవారికి నిత్యం కావలసిన కంట్రోల్ మీటను ఆయన క్యాప్స్ లాక్ స్థానంలో, చిటికెన వేలికి అందేటట్లు కూర్చోబెట్టారు.

మీటల స్థానానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో వీఐ అనే ఎడిటర్ చరిత్ర చెబుతుంది. బిల్ జాయ్ 1976లో దానిని వ్రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో ఎస్కేప్ మీట నేటి ట్యాబ్ మీట ఉన్నచోట ఉండేది. అందుకే మాటిమాటికీ ఎస్కేప్ నొక్కే ఆ పద్ధతి ఆయనకు సహజంగా తోచింది. తరువాతి కీబోర్డులలో ఆ మీట పైమూలకు జరిగింది గాని, పద్ధతి మాత్రం మారలేదు. నేటికీ ఆ ఎడిటర్ వారసులను వాడే మనం చేయి చాచి దానిని అందుకుంటూనే ఉన్నాము.

ఇంతవరకు ఏ దేశపు ప్రోగ్రామరుకైనా వర్తించే మాట. తెలుగువారికి మరొక చిక్కు ఉంది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ప్రమాణంలో చోటు చేసుకున్న ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చుల గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. మన అక్షరాలు ఎక్కువ కనుక విరామచిహ్నాల మీటలు కూడా అక్షరాలకు ఇవ్వవలసి వచ్చింది. సెమీకోలన్ మీట మీద 'చ', దాని పక్కన అపోస్ట్రఫీ మీద 'ట', స్క్వేర్ బ్రాకెట్టు మీద 'డ', స్లాష్ మీద 'య' ఉంటాయి. ఒకటి అంకెకు ఎడమపక్కనున్న బ్యాక్‌టిక్ మీటకు ఒత్వం దక్కింది.

కొన్ని చిన్న కీబోర్డులు సరిగ్గా ఈ మీటలనే సన్నగా చేయడమో, మూలకు నెట్టడమో చేస్తాయి. 61 మీటల రకంలో బ్యాక్‌టిక్ స్థానాన్ని తరచుగా ఎస్కేప్ ఆక్రమిస్తుంది. అప్పుడు 'కొడుకు' అని వ్రాయాలన్నా, 'పొలం' అని వ్రాయాలన్నా ఎఫ్‌ఎన్ మీటను ఆశ్రయించాలి. విచిత్రమేమంటే, ప్రోగ్రాములలో అత్యధికంగా వాడే గుర్తులు కూడా ఈ మీటల మీదనే ఉన్నాయి. కాబట్టి తెలుగుకు అనుకూలమైన చిన్న కీబోర్డు ప్రోగ్రాములకూ అనుకూలమే.

నేను టేపు పట్టుకొని, కాగితం మీద మీటల పటాలు గీస్తూ కూర్చోవడం చూసి మా ఆవిడ, "ఏమండీ, అమ్మాయి సంబంధానికి కూడా మీరిన్ని ఆరాలు తీయలేదు" అన్నది. నిజమే. కానీ అల్లుడిని ఎంపిక చేసినది అమ్మాయి. కీబోర్డును ఎంపిక చేయవలసినది నేనే కదా!

చివరకు 68 మీటలున్న, బాణపు గుర్తులు విడిగా ఉన్న ఒక తేలికపాటి బ్లూటూత్ కీబోర్డును ఎన్నుకున్నాను. ధర కంటే దానిలోని ఒక సౌకర్యం నన్ను ఆకర్షించింది. ఏ మీట ఏ పని చేయాలో మనమే నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని కీబోర్డు జ్ఞాపకంలోనే నిలుపవచ్చు. టాబ్లెట్‌కు కలిపినా, ఇంటి లాప్‌టాప్‌కు కలిపినా అమరిక దానితోనే ప్రయాణం చేస్తుంది. క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చి, పైమూల మీటను తిరిగి బ్యాక్‌టిక్‌కు అప్పగించాను. ఒక్క మార్పుతో ఎడిటరుకు ఎస్కేపూ, తెలుగుకు ఒత్వమూ చేతికందాయి. టకటక శబ్దం చేసే మీటల జోలికి పోలేదు. అతిథిగృహంలో పక్క గది వారి నిద్ర కూడా లెక్కలోనికి తీసుకోవాలి గదా!

ఆరు నెలలు గడిచాయి. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. గుండీలు మాత్రం సునాయాసంగా పెట్టుకుంటున్నాను. రాత్రి పూట వ్యాసంగం నిరాటంకంగా సాగుతున్నది. మా అమ్మగారికి తెలుగులో పెద్ద పెద్ద ఉత్తరాలు టైపు చేసి, అచ్చు తీసి పంపడం ఈ కాలంలో చేరిన కొత్త అలవాటు.

చిన్న కీబోర్డు కొనదలచిన మిత్రులు రంగును, మెరిసే దీపాలను చూసేముందు ఒక స్కేలు తీసుకొని మీటల మధ్య దూరం కొలవండి. తరువాత మీరు నిత్యం వ్రాసే పది వాక్యాలు, తెలుగులో ఐదు, ప్రోగ్రాములో ఐదు, దాని మీద టైపు చేసి చూడండి. ఎక్కడ వేలు తడుముకుంటుందో అక్కడే దాని గుణదోషాలు బయటపడతాయి. పాదరక్షను పాదం కొలతకు కొనుక్కుంటాము. రోజంతా శ్రమించే చేతికి ఆపాటి మర్యాద చేయడం ధర్మం.