చౌక ఇల్లు

చౌక అనే మాట వింటే మా బావమరిదికి పూనకం వస్తుంది. అవసరం ఉందా, లేదా అన్నది తరవాతి మాట. పోయిన చైత్రంలో ఓ ఆదివారం పొద్దున్నే ఊడిపడ్డాడు.

"బావా! మీ నాచారంలోనే పాత ఇల్లు. నూట ఎనభై గజాలు. సగం ధరకే ఇస్తారట. ఏదో చిన్న పేచీ ఉందిలే."

"పేచీ చిన్నదైతే ధర సగమెందుకయింది రా?" అంది మా ఆవిడ, తమ్ముడి చేతికి కాఫీ గ్లాసిస్తూ.

వాడు నవ్వాడు. పేచీ లేని ఇల్లు ఎవరైనా కొంటారు, పేచీ ఉన్నది కొని తీర్చుకున్నవాడికే లాభం అని వాడి సిద్ధాంతం. కిందటేడు ఇలాగే బ్యాంకు వేలమంటూ ఊదరగొట్టాడు. వేలంలో పాడినవాడు ఆ రోజో, మర్నాడో నాలుగోవంతు కట్టాలి. మిగతాది పదిహేను రోజుల్లో. గడువు తప్పితే కట్టింది గోవిందా! లోపలున్నవాడు కదలనంటే ఆ తంటా మనది. అప్పుడు నా దగ్గర డబ్బు లేదు గనక బతికిపోయాను.

ఈసారి డబ్బుంది. అమ్మాయి పైచదువుకని పన్నెండేళ్లు కూడబెట్టింది. అదే వచ్చిన చిక్కు.

కాగితాలు తెప్పించాను. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి, పాత దస్తావేజు దొరికితే నాకు విందుభోజనమే. పుత్రపౌత్ర పారంపర్యమూ, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులూ చదువుకుంటూ మురిసిపోయాను. ముప్పయ్యేళ్లకు ఈసీ తీయించాం. తాకట్టు లేదు, అప్పు లేదు. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి గాని, ఎవరు ఎవరి కడుపున పుట్టారో కనిపించదు.

"ఆ పెద్దాయనకు ఇద్దరూ కొడుకులేనా? ఆడపిల్లలు లేరా?" అని అడిగింది మా ఆవిడే.

ఉంది, ఒక కూతురు. ఉప్పల్‌లో. తల్లి ముందే పోయింది. తండ్రి తన స్వార్జితానికి వీలునామా రాయకుండా పోయాడు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమెకూ అన్నదమ్ములతో సమానంగా మూడోవంతు. అన్నలు ఇవ్వలేదు, ఆమె పంపకాల దావా వేసింది. దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పు ఎటు వస్తే అటు కట్టుబడాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 52వ సెక్షన్లో ఉంది.

"ఏళ్లు పడుతుంది బావా. ఆవిడే విసిగిపోయి ఎంతో కొంతకు సంతకం పెడుతుంది" అన్నాడు మావాడు.

అంటే మేము కొనబోయేది ఆవిడ విసుగు!

మనసాగక ఓ సాయంత్రం వెతుక్కుంటూ వెళ్లాను. ఇంట్లోనే జాకెట్లు కుడుతోంది. మిషను ఆపకుండానే చెప్పింది:

"మీకంటే ముందు ముగ్గురొచ్చిన్రు సార్. ఇంకెన్నేండ్లు కొట్లాడ్తవమ్మా అన్నరు. నేను పోతే కేసు గూడ పోతదా? నా బిడ్డ పేరు ఎక్కుతదట గద."

బిడ్డ అక్కడే కూచుని చదువుకుంటోంది. మా అమ్మాయి ఈడే.

తిరిగొస్తూ దారిలో లెక్క వేశాను. సగం ధరకు ఈమె మూడోవంతు న్యాయంగా కలిపితే మిగిలేది ఆరోవంతు. అందులో వకీలు ఫీజు, రిజిస్ట్రేషను ఖర్చు. పైగా డబ్బు కోర్టులో ఇరుక్కుంటే, జూన్‌లో అమ్మాయి ఫీజుకు నేను ఎవరి గుమ్మం ఎక్కాలి? అయినా, చెప్పొద్దూ, లెక్కలో పెద్ద లాభం తేలి ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకే నమ్మకం లేదు.

వద్దన్నాను. "నీకు ధైర్యం లేదు బావా" అని మావాడు నెల రోజులు అలిగాడు.

నిన్న మళ్లీ వచ్చాడు. ఈసారి చెరువు పక్కన జాగాట. వానలు పడకముందే చూసి అడ్వాన్సు ఇచ్చెయ్యాలట. 2024లో హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టినవాటిని ఎలా కూల్చిందో వాడూ టీవీలో చూసినవాడే.

మా ఆవిడ కాఫీ ఇవ్వలేదు.