ఇరవై నిమిషాల కాఫీ తోట

"కాఫీ తోటకి ఇరవై నిమిషాలే సార్, లేటైతే బస్సు ఆగదు!" గైడ్ హెచ్చరిక.

పొద్దున్నే విశాఖలో ఎక్కాం. అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డులో సగం బస్సు అంత్యాక్షరి, సగం బస్సు వాంతులు (నేను రెండో సగం).

అనంతగిరిలో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు. ఆ నీడలో కాఫీ మొక్కలు.
ఎర్రటి పండొకటి నొక్కితే జిగురుగా రెండు గింజలు జారాయి. చప్పరిస్తే తియ్యగా ఉంది. కాఫీ వాసనే లేదు!

అంతలో విజిల్.

మా వెనక సీటు మామ్మగారు కదల్లేదు.
"ఉండు బాబూ, ఇన్నేళ్లూ తాగిందేటో ఇప్పుడే సూత్తన్నాను."

గైడ్ విజిల్ జేబులో పెట్టేసుకున్నాడు. బస్సు ఆగింది. బొర్రా గుహల్లో మాత్రం పరుగే పరుగు.

మీ టూర్లలో బస్సుని ఇలా ఆపినవాళ్లెవరైనా ఉన్నారా?