కాలమ్ లేని భాష

అరకులో ఓ ఆఫీసు. కాంట్రాక్టు టీచర్ల దరఖాస్తుల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించడం నా పని. ఒక్కో అర్హతకి మార్కు, ఉద్యోగంలో దాని అవసరాన్నిబట్టి వెయిటేజీ. రెండూ గుణించి కూడితే మనిషి తేలిపోతాడు!

భాషలకి మూడే కాలమ్‌లు: తెలుగు, ఇంగ్లీషు, హిందీ. కొండమీది బళ్లో పిల్లలు మాట్లాడేది కువి. కువి ఇంటిభాషైన అమ్మాయి అట్టడుగున తేలింది.

ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. నూటికి నూరూ రిజర్వేషన్ కుదరదంది. సరే, పిల్లల భాష రావడం అర్హతే కదా?

ఉర్దూని 'ఇతరములు'లో రాసుకుంటూ వచ్చినవాణ్ణి. కువికి కాలమ్ కలిపాను. అమ్మాయి పైకొచ్చింది.

"రూల్లో లేదు సాయిబూ, తీసెయ్" అన్నాడు పైఅధికారి.

తీసేశాను.

రాత్రి ఫోన్లో అమ్మీకి ఉర్దూలో చెప్పబోయాను. సగం మాటలు తెలుగులోనే వచ్చాయి.