వరుస చెప్పని పాట

దసరా పండక్కి వచ్చిన మా అన్నయ్య కొడుకు, రెండోసారి పులిహోర వడ్డించుకుంటూ, మా ఇంట్లో ఒక విగ్రహాన్ని పడగొట్టాడు. విగ్రహమంటే ఇత్తడిదో వెండిదో కాదు లెండి. ఘంటసాల గారి పాట.

"అత్తా, నువ్వు వంట చేస్తూ ఎప్పుడూ కూనిరాగం తీస్తావే 'ఆరాధన' సినిమా పాట, అది మనది కాదు తెలుసా?" అన్నాడు.

1962లో వచ్చిన నాగేశ్వరరావు, సావిత్రిల 'ఆరాధన' అది. పాట రాసింది శ్రీశ్రీ, బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిది, పాడినాయన మా గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టిన మనిషి. ఏ పాటో మీకీపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఇందులో మనది కానిదేముంది? ఆ మాటే అన్నాను. వాడేమీ వాదించలేదు. ఎంగిలి చెయ్యి అలాగే పైకి పెట్టి, ఎడమచేత్తో ఫోను నొక్కాడు. శ్యామల్ మిత్రా అనే ఆయన బెంగాలీలో ఎత్తుకున్నాడు. రెండు చరణాలు వినేసరికి నా చేతిలో గరిట కిందికి దిగింది. అదే నడక, అదే విరుపు. 1956లో వచ్చిన 'సాగరిక' సినిమాట, ఉత్తమ్ కుమార్, సుచిత్రాసేన్ వేశారట, సంగీతం రొబిన్ ఛటర్జీ. మన 'ఆరాధన' కథ కూడా అక్కడిదే.

చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇరవై ఏళ్లు కాపురం చేశాక, పెళ్లినాటి పట్టుచీర అద్దెకి తెచ్చిందని తెలిస్తే ఎలా ఉంటుంది?

మావారు బ్యాంకు మనిషి. ఏ విషయమైనా జమా ఖర్చూ రెండువైపులా రాయందే ఆయనకి అన్నం సహించదు. "ఒక వైపే చూస్తే ఎలాగోయ్? మనం అప్పిచ్చినవీ ఉన్నాయి, రాసుకో" అంటూ లెక్క మొదలుపెట్టారు. 1955లో 'మిస్సమ్మ' వచ్చింది. రాజేశ్వరరావు గారి సంగీతమే. దాన్నే 1957లో హిందీలో 'మిస్ మేరీ'గా తీస్తే సంగీతం హేమంత్ కుమార్ చేశారు. పాటలన్నీ కొత్తవి కట్టుకున్నా, మన బృందావనం పాట బాణీని మాత్రం వదులుకోలేక అలాగే ఉంచేశారు. 'సువర్ణసుందరి'లో ఆదినారాయణరావు గారు కట్టిన రాగమాలిక తెలుగులో ఘంటసాల, జిక్కీ పాడితే, హిందీలో రఫీ, లతా పాడారు. అదీ ఇదీ కట్టింది ఆయనే గనక అక్కడ పేచీ లేదు, సొంత సరుకే కొత్త బజార్లో అమ్ముకున్నట్టు. మరి 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'కి ఇళయరాజా కట్టిన యుగళగీతం? రెండేళ్లు తిరక్కుండా 'బేటా' సినిమాలో మాధురీ దీక్షిత్ డాన్సుకి వెళ్లి కూర్చుంది, సంగీతం ఆనంద్ మిలింద్ అన్న పేరుతో. అప్పట్లో దేశమంతా ఆ డాన్సు చూసి గుండె పట్టుకుంటూంటే, బెజవాడలో మేం పిల్లలం మాత్రం "ఇది మా పాటే" అని వీధి వీధంతా చెప్పుకు తిరిగాం.

"అంటే జమా ఖర్చూ సరిపోయాయంటారా మావయ్యా?" అన్నాడు మావాడు.

"సరిపోవడమేమిటి? మిగులు" అన్నారాయన.

మా వదిన కల్పించుకుంది. ఆవిడ పెళ్లికి ముందు ఆరేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషి. "ఉన్నవి ఏడు స్వరాలు. ఎవరు కట్టినా వాటితోనే కట్టాలి. మోహన రాగం తీసుకోండి. అందులో అయిదే స్వరాలు. మొదటేడాది పిల్లలు నేర్చుకునే గీతమూ మోహనే, 'మాయాబజార్'లో పడవ పాటా మోహనే. ఉత్తరాదివాళ్లు ఆ స్వరాలతోనే భూప్ పాడుకుంటారు. చీనా వాళ్ల పాటల్లోనూ ఆ అయిదూ వినిపిస్తాయి. వాళ్లంతా మనింటికి కన్నం వేశారా? రాగం ఊరు లాంటిది. ఊరు అందరిదీ" అంది.

"ఊరు అందరిదీ సరేనమ్మా, ఊళ్లో ఇల్లు కట్టుకున్నవాడిదే కదా! ద్వారబంధాలతో సహా ఇల్లు ఎత్తుకొచ్చేస్తేనో?"

దానికి వదిన దగ్గరా జవాబు లేదు. మజ్జిగ పోసింది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తూంటే నేను మాత్రం ఆ ప్రశ్నే నమిలాను. అమ్మవారి గుడి దగ్గరా, భజన సమాజాల దగ్గరా దొరికే సన్నటి పాటల పుస్తకాలు చూశారా మీరు? ప్రతి పాట నెత్తినా చిన్న అక్షరాలతో 'వరుస' అని వేసి, ఏ సినిమా పాట బాణీలో పాడుకోవాలో రాస్తారు. చదువుకున్నవాళ్లం దాన్ని చూసి నవ్వుతాం. దుర్గమ్మ మీద పాటకి క్లబ్బు డాన్సు బాణీ ఏమిటని. కానీ ఆ కవి ఎవరో గానీ, తన సొంతమని ఎక్కడా బుకాయించలేదు సుమండీ. అప్పు తెచ్చాను, ఫలానావారి దగ్గర తెచ్చాను, అని నెత్తిన రాసుకుని మరీ పాడుతున్నాడు. అంతెందుకు, ముత్తుస్వామి దీక్షితుల వారంతటి మహానుభావులు ఇంగ్లీషు బ్యాండు మట్లకి సంస్కృతంలో దాదాపు నలభై రచనలు చేశారు. తెల్లవాళ్లు తమ రాజుని కాపాడమని దేవుణ్ణి వేడుకునే పాట బాణీ ఆయన చేతిలో పడి దేవీస్తుతి అయింది. వాటిని ఈనాటికీ నోటు స్వరాలనే అంటారు. ఎక్కడినుంచి వచ్చాయో ఆ పేరే చెబుతుంది.

'వరుస' ఎంత మంచి మాటో చూడండి. పాట నడకనీ వరుసే అంటాం, చుట్టరికాన్నీ వరుసే అంటాం. మా జిల్లాలో ఇద్దరు కొత్తవాళ్లు బస్సులో పక్కపక్కన కూర్చుంటే, కంకిపాడు దాటేలోగా మీదే ఊరు, మీ అమ్మగారి పుట్టిల్లెక్కడ అని లాగి లాగి, బాబాయో బావగారో ఏదో ఒక వరుస కలిపి గానీ ఊరుకోరు. పాటలూ అంతే. పోలికలుంటాయి. పోలిక తప్పు కాదు. ఆ వరుస దాచిపెట్టడమే తప్పేమో.

దాచిపెట్టడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఇప్పుడా సంగతి చెప్పాలి.

నేను బియ్యే చదివేటప్పుడు కాలేజీలో లలితగీతాల పోటీ పెట్టారు. రచనా, స్వరకల్పనా రెండూ స్వంతంగా ఉండాలని నిబంధన. రచన నాదే. వెన్నెలా, కొబ్బరాకులూ, కాలవా, ఆ వయసులో అందరూ రాసేదే. బాణీ కుదరలేదు. రెండు రాత్రులు కుస్తీపట్టాక, మా పెద్దమ్మ శుక్రవారం హారతప్పుడు పాడే మంగళహారతి బాణీలోకి నా మాటలు తీసుకెళ్లి కూర్చోబెట్టాను. వాటంతటవే ఒదిగిపోయాయి. మైకు ముందు నిలబడి "స్వీయరచన, స్వీయ స్వరకల్పన" అని మరీ చెప్పాను. మొదటి బహుమతి మూతున్న స్టీలు డబ్బా. ఇప్పటికీ అందులో చింతపండు పోస్తున్నాను.

పెద్దమ్మ రెండో వరసలో కూర్చుని విన్నది. ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు. రిక్షా దిగుతూ మాత్రం, "బాగా పాడావే. వరుస చెప్పడం మర్చిపోయావు" అంది. అంతే. ఆవిడ పేరు చెప్పలేదని కష్టపెట్టుకుందనుకున్నాను. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడో సర్ది చెప్పొచ్చులే అనుకున్నాను. ఆ 'ఎప్పుడో' రాలేదు.

పెద్దమ్మ పోయాక ఆవిడ పెట్టెలో పాటల నోటుబుక్కు దొరికింది. గుండ్రటి అక్షరాలు. ప్రతి పాట నెత్తినా వరుస రాసుకుంది. ఫలానా సినిమా పాట, ఫలానా రేడియో పాట అని. మన బాణీ వెళ్లిన హారతి పాట దగ్గర ఆగాను. అక్కడ ఇలా ఉంది: "వరుస: మా చేలో ఊడ్పుల పాట. పాడినామె పేరు తెలీదు. అడగాలి." కింద తారీఖు 17-8-77.

పెద్దమ్మది దివిసీమ. ఆ సంవత్సరం నవంబరు 19న అక్కడికి ఏమొచ్చిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ కార్తీకంలో మా అమ్మ పెళ్లి. చెల్లెలి పెళ్లిపనులకని నెల ముందే బెజవాడ వచ్చేసింది గనక పెద్దమ్మా దక్కింది, పెట్టెలో పుస్తకమూ దక్కింది. ఉప్పెన తర్వాత ఆవిడ మళ్లీ ఆ ఊళ్లో కాపురం పెట్టలేదు. అడగాల్సిన మనిషి ఏమయిందో ఎవరికెరుక? ఆ మాట మాత్రం పుస్తకంలో అలాగే ఉండిపోయింది. పాడిన ప్రతిసారీ ముందు "ఇది మా చేలో పాట వరుసే" అని పెద్దమ్మ ఎందుకనేదో, ఆ మాటకి పిల్లలం ఎందుకు విసుక్కునేవాళ్లమో అప్పుడు తలపుకొచ్చింది. ఆవిడ ఆ రోజు రిక్షా దిగుతూ అడిగింది తన పేరు కాదు.

చట్టాలున్నాయి, కాదనను. మన కాపీరైట్ చట్టం 1957లోనే వచ్చింది. సంగీతం కట్టినవాడికి ఆయన పోయిన అరవై ఏళ్ల దాకా హక్కుంటుంది. 2012లో దాన్ని సవరించి, పాట కట్టినవాళ్లూ రాసినవాళ్లూ రాయల్టీ హక్కు పోగొట్టుకోకుండా కట్టుదిట్టం చేశారు. మంచిదే. అసలు పేర్లున్నవాళ్లకే పేరు దక్కడం కష్టం. 'మాయాబజార్'లో నాలుగు పాటలకి బాణీలు కట్టి మధ్యలో వెళ్లిపోయింది రాజేశ్వరరావు గారు. వాటిని వాద్యాలతో తీర్చిదిద్ది, మిగిలినవన్నీ కట్టింది ఘంటసాల గారు. సినిమాలో కనిపించేది ఘంటసాల గారి పేరు. మన పడవ పాట ఆ నాలుగింటిలోదే. బెంగాలీ ఇంటినుంచి ఒకటి తెచ్చుకున్న రాజేశ్వరరావు గారు, హిందీ ఇంటికొకటి, పక్కింటికి నాలుగు ఇచ్చే ఉన్నారన్నమాట. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. కానీ మోకాలి లోతు నీళ్లలో, నడుము వంచి నాట్లు వేస్తూ పాడిన మనిషికి ఏ చట్టం ఏ ఏటినుంచి అరవై లెక్కపెడుతుంది?

సాయంత్రం కాఫీలప్పుడు ఇదంతా మావాడికి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వాడి నానమ్మ అక్కగారి పుస్తకం తెమ్మని, ఆ పేజీ తీసి చాలాసేపు చూశాడు. తర్వాత "పాడత్తా, ఫోనులో పెట్టుకుంటాను" అన్నాడు.

"ఏది, హారతా? నా వెన్నెల పాటా?"

"ఏదైతేనేం, వరుస ఒకటేగా."

నిజమే. గొంతు సవరించుకున్నాను. వాడు బొత్తాం నొక్కాడు. ముందు పెద్దమ్మ రాసినది రాసినట్టు చదివాను. వరుస, దివిసీమలో ఊడ్పుల పాట, పాడినామె పేరు తెలీదు. 'అడగాలి' అన్న మాట దగ్గర కొంచెం తడబడ్డాను గానీ అదీ చదివేశాను. తర్వాత హారతి ఎత్తుకున్నాను. రెండో చరణంలో శ్రుతి పోయింది. మా వదిన వంటింట్లోంచి అందుకుని సరిచేసింది.